కొత్త బ్రౌజర్ వేసుకున్నారా? పాతదాన్ని అప్పుడే తీసేయకండి

నమస్కారం అండి. పోయిన వారం మా బాబాయి ఫోన్ చేశారు. "ఒరేయ్, కొత్త బ్రౌజర్ వేసుకుని పాతది తీసేశాను. కరెంటు బిల్లు కడదామంటే పాస్‌వర్డ్ అడుగుతోందిరా" అన్నారు. వెళ్లి చూస్తే విషయం తెలిసింది. పాతదాన్ని తీసేటప్పుడు, బ్రౌజింగ్ డేటా కూడా తొలగించాలా అని పక్కన చిన్న గడి వస్తుంది. శుభ్రంగా ఉంటుంది కదా అని ఆయన అందులో టిక్ పెట్టేశారు. సింక్, అంటే పాస్‌వర్డ్‌లు మన ఆన్‌లైన్ ఖాతాలో కూడా దాచే సౌకర్యం, అదీ పెట్టుకోలేదు. ఏళ్ల తరబడి దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి. ఒక్కో సైటుకీ వెళ్లి పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కడం, ఓటీపీ కోసం ఎదురుచూడడం... రెండు సాయంత్రాలు అలాగే గడిచాయి మాకు.

మీకు ఆ టెన్షన్ వద్దు. విండోస్‌లో క్రోమ్ ఉండగా ఫైర్‌ఫాక్స్ వేసుకుంటున్నారనుకుందాం. రెండూ కొట్టుకుంటాయేమో అని చాలామందికి భయం. కొట్టుకోవు. బుక్‌మార్కులు, కుకీలు (మనం లాగిన్ అయ్యామని సైట్లు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు), పాస్‌వర్డ్‌లు దేనివి దాని ప్రొఫైల్‌లోనే, అంటే మన డేటా దాచే ఫోల్డర్‌లోనే ఉంటాయి. అందుకే క్రోమ్‌లో లాగిన్ అయి ఉన్నా ఫైర్‌ఫాక్స్‌లో మళ్లీ లాగిన్ అవ్వాలి.

చిక్కు వచ్చేది ఒకే ప్రొఫైల్‌ను రెండు ప్రోగ్రాములు పట్టుకున్నప్పుడే. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్ మామూలు వెర్షన్, బీటా వెర్షన్ (ముందుగా పరీక్షకు ఇచ్చేది) రెండూ వేసుకుంటే ఒకే ప్రొఫైల్‌ను వాడుకునేవి. 2019లో 67వ వెర్షన్ వచ్చాక ఏ ఇన్‌స్టాలేషన్ ప్రొఫైల్ దానికి విడిగా ఉంటోంది. ఇప్పటికీ ఒక్కోసారి, ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే నడుస్తోంది కానీ స్పందించడం లేదు అని మెసేజ్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్ విండో మూసేసినా, లోపల ఇంకా నడుస్తున్న పాత ప్రాసెస్ ఆ ప్రొఫైల్‌ను వదల్లేదన్నమాట. టాస్క్ మేనేజర్‌లో (Ctrl+Shift+Esc నొక్కితే వస్తుంది) ఫైర్‌ఫాక్స్‌ను ఆపి, మళ్లీ తెరవండి. దీనికోసం అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేయాల్సిన పనే లేదు.

ఇక డిఫాల్ట్, అంటే లింకులు వాటంతట అవే తెరుచుకునే బ్రౌజర్ సంగతి. మెయిల్‌లో లింకు నొక్కితే పాత బ్రౌజరే తెరుచుకుంటుంది, ఎందుకంటే డిఫాల్ట్ ఏదో విండోస్‌కు మనమే చెప్పాలి. సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లి ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకోండి. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో హెచ్‌టీటీపీకి, హెచ్‌టీటీపీఎస్‌కి (వెబ్ లింకుల మొదట్లో ఉండేవి), ఒక్కో ఫైల్ రకానికి విడివిడిగా మార్చాల్సి వచ్చేది. అది నిజంగా మనుషుల్ని విసిగించే పద్ధతి. 2022 అప్‌డేట్‌తో పైన ఒక్క బటన్ ఇచ్చారు. పీడీఎఫ్ మాత్రం కింద వేరే వరుసలో ఉంటుంది, దాన్ని విడిగా చూసుకోండి. స్టార్ట్ మెనూలో వెతికితే వచ్చే వెబ్ ఫలితాలు మన దగ్గర ఇంకా విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. మీరేదో తప్పు చేశారని కంగారు పడకండి.

పాస్‌వర్డ్‌ల దగ్గర మాత్రం కాస్త నిదానించండి. క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది. నొక్కితే ఒక సీఎస్‌వీ ఫైల్, అంటే పట్టికలా ఉండే మామూలు టెక్స్ట్ ఫైల్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్‌ల పేజీలో, మూడు చుక్కల మెనూ నుంచి ఆ ఫైల్‌ను లోపలికి తీసుకోవచ్చు. ఆ ఫైల్‌ను ఒక్కసారి ఎక్సెల్‌లో తెరిచి చూడండి. ఒక గడిలో బ్యాంకు సైటు పేరు, పక్క గడిలో మీ యూజర్ నేమ్, ఆ పక్కనే పాస్‌వర్డ్, ఒక్క అక్షరం కూడా దాచకుండా. ఎవరు తెరిచినా చదివేయొచ్చు. దాన్ని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం, డెస్క్‌టాప్ మీద వదిలేయడం దయచేసి చేయకండి. పని అవగానే డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

అన్నట్టు, ఫైర్‌ఫాక్స్ మెనూలు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు పెట్టివ్వండి, చాలా హాయిగా ఉంటుంది.

పాత బ్రౌజర్ ఎప్పుడు తీయాలంటారా? తొందరేం లేదు, నన్నడిగితే ఏడాది ఉంచమంటాను. బ్యాంకు, కరెంటు సైట్లు నెలనెలా చూస్తాం కాబట్టి ఏదైనా పోతే వెంటనే తెలుస్తుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ సైటుకు చాలామందిమి రిటర్న్ వేసేటప్పుడే వెళ్తాం. మా బాబాయికి ఆ పాస్‌వర్డ్ ఇంకా దొరకలేదు. ఈ ఆదివారం మళ్లీ వెళ్లి కూర్చోవాలి.