గండిపేట కట్ట దగ్గర మొదలుకాదు

అందరికీ నమస్కారం.

ఏటా సెప్టెంబరు 28న ఈ చింతచెట్టు కింద మనల్ని కూర్చోబెడుతున్న మిత్రులకు, డ్యూటీ మధ్యలో వచ్చి నిలబడ్డ ఉస్మానియా ఆసుపత్రి సిబ్బందికి, నాకంటే ముందు మాట్లాడిన పెద్దలకు నమస్కారాలు. నన్ను 1908 మూసీ వరద గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ నేను వచ్చింది ఇంకో మాట చెప్పుకోవడానికి. ముందే ఒప్పుకుంటున్నాను, మధ్యలో ఆపకండి.

ఆ రోజు ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారని చెబుతారు. పోయినవాళ్ళు పదిహేను వేల మంది అని ఒక లెక్క. ఈ గోడ అవతల పారే మూసీయే అంత పని చేసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఇంజినీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన నది ఒడ్డున నిలబడి గోడలు ఎంత ఎత్తు కట్టాలా అని మాత్రమే ఆలోచించలేదు. నది ఎక్కడినుంచి వస్తుందో అక్కడికి చూపు పోనిచ్చారు. నగరానికి ఎగువన 860 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతం, అందులో 788 చెరువులు. దాదాపు చదరపు మైలుకో చెరువు! ఆ వానకు వాటిలో రెండు వందలకు పైగా తెగాయి. పైచెరువు తెగి కింది చెరువు మీద పడింది, అది ఇంకో దాని మీద పడింది. అన్నీ కలిసి ఇక్కడికొచ్చాయి. ఆ లెక్క చూసిన తర్వాతే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ వచ్చింది, 1920లో. దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో.

ఉస్మాన్‌సాగర్ అంటే ఎవరికీ నోరు తిరగదు, మనకది గండిపేట. మీలో గండిపేట నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. చూశారా, తల నెరిసినవాళ్ళందరూ ఎత్తారు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ నీళ్ళు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా మోటారు లేకుండా, పల్లానికి పల్లంగా వాటంతటవే నడిచొచ్చేవి. ఇవాళ కృష్ణా నీళ్ళను, గోదావరి నీళ్ళను వంద కిలోమీటర్లకు పైగా పంపులతో తోసి తెచ్చుకుంటున్నాం. కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? మనమే.

ఇక అసలు మాట. నేను మొయినాబాద్ వైపు ఒక ఊళ్ళో పుట్టాను, అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చాలా ఏళ్ళు సోషల్ చెప్పాను. ఊరి పేరు చెప్పను, మా తమ్ముడు ఇంకా అక్కడే ఉంటున్నాడు. మా ఊరి కుంట మత్తడి దూకితే ఆ నీళ్ళు వాగులో పడి, గండిపేటకు చేరేవి. ఏటా మొదటి పెద్ద వానకు ఏడో తరగతి పిల్లల్ని వాగు కల్వర్టు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. గోడ మీద సుద్దముక్కతో గీతలు గీయించి, నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో, ఏ తారీకున వచ్చాయో నోటుబుక్కులో రాయించేవాణ్ణి. "సార్, వాగొచ్చింది సార్!" అని పిల్లలు బడికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ రోజు పాఠం ఉండేది కాదు. ఆ నోటుబుక్కు ఇదిగో, నా చేతిలో ఉంది. పందొమ్మిదేళ్ళ వాన ఇందులో ఉంది.

ఇరవయ్యో ఏడు వాన దంచికొట్టింది. పిల్లలు పోయి చూసొచ్చారు. "సార్, వాగు రాలేదు" అన్నారు. నేను నమ్మలేదు, గొడుగు పట్టుకుని పోయాను. కల్వర్టు కింద తడి మాత్రం ఉంది. పైకి నడిచాను. కుంట సగం దాకా మొరం పోసి చదును చేశారు, ప్లాట్ల రాళ్ళు పాతారు. వాగుకు అడ్డంగా ప్రహరీ కట్టి, కింద రెండు పైపులు పెట్టారు. ఏనుగు పోయే దారిలో ఎలుక బొరియ చేసినట్టు. ఆ పైపులు చెత్తతో పూడిపోయాయి. నీళ్ళు పక్కకు తిరిగి దళితవాడ ఇళ్ళలోకి చొరబడ్డాయి. ఒక ముసలమ్మ మంచం మీద బియ్యం డబ్బా పెట్టుకుని కూర్చుంది. "గండిపేటకు పోయే నీళ్ళు మా ఇంట్లకు ఎందుకొచ్చినయ్ సారూ?" అని అడిగింది.

నోటుబుక్కు పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాను. నక్షా తీసి చూపించాను, వాగు గీత స్పష్టంగా ఉంది. అక్కడి సారు నక్షా చూశాడు, నన్ను చూశాడు. "నక్షాలో ఉంది మాస్టారూ, కానీ ఇప్పుడక్కడ వాగు లేదు కదా" అన్నాడు. మూడేళ్ళు తిరిగాను. ప్రతిసారీ అదే మాట. పూడ్చినవాణ్ణి అడగరు, పూడ్చాక లేదు కదా అంటారు. ఈ మాట నేను ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు, ఇంకా చెబుతాను.

చట్టం లేక ఇదంతా జరిగిందా అంటే, ఉంది. 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు, 84 ఊళ్ళు, లక్షా 32 వేల ఎకరాలు. కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు వద్దన్నారు. ఒక నూనె ఫ్యాక్టరీకి మినహాయింపు కుదరదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. హాని జరగదని నిరూపించుకోవాల్సింది కట్టేవాడేనని అదే కేసులో అంతకు ముందే తేల్చింది. మరి జరిగిందేమిటి? ఫాంహౌసులు లేచాయి, ఫంక్షన్ హాళ్ళు లేచాయి, కాలేజీలు లేచాయి. 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఆ ఆంక్షలనే తీసేశారు. నగరం తాగే నీళ్ళలో ఈ జలాశయాల వాటా 1.25 శాతం కూడా లేదని అందులో రాశారు. 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తేస్తున్నామంది.

వాడకం తగ్గించింది మనం. తగ్గింది కాబట్టి అవసరం లేదనేదీ మనమేనా? సరే, తాగొద్దు. వరద మాటేమిటి? 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే కింద బస్తీలు ఏమయ్యాయో చూశాం. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి, ఇక్కడికి కూతవేటు దూరంలోని ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చింది. జనాన్ని తాళ్ళు కట్టి బయటికి తెచ్చారు. ఎగువన లక్ష ఎకరాలు సిమెంటైతే, నేలలోకి ఇంకాల్సిన వాన గంటల్లో కట్ట మీదికి వస్తుంది. చెరువు చుట్టూ ఎఫ్‌టీఎల్ రాళ్ళు, అంటే చెరువు నిండితే నీళ్ళు ఎక్కడి దాకా వస్తాయో చూపే హద్దురాళ్ళు పాతి కాపాడతాం, ఎస్‌టీపీలు, అంటే మురుగు శుద్ధి కేంద్రాలు కడతాం అంటున్నారు. ఎస్‌టీపీ మురుగును శుభ్రం చేస్తుందేమో, తెగిన వాగును అతికించదు. గండిపేట కట్ట దగ్గర మొదలుకాదండీ! అనంతగిరి గుట్టల్లో, చేవెళ్ళ చెలకల్లో, మా ఊరి కుంటలో మొదలవుతుంది.

ఇప్పుడు ఇంకో మాట, ఇది చెప్పకుండా దిగిపోతే నాకు నిద్రపట్టదు. మా ఊరి కుంట దగ్గర వేసిన ఆ ప్లాట్ల వెంచర్‌లో రెండున్నర ఎకరాలు మా తమ్ముడు అమ్మినవే. నేను కోపంతో పోయి అడిగితే వాడన్నాడు, "అన్నా, నీకు ఒకటో తారీకు పింఛన్ పడతది. నాకేం పడతది? అవతల కోకాపేటల ఎకరం కోట్లు పలుకుతుంటే, పట్నం నీళ్ళ కోసం నేను చెలక పట్టుకుని కూసోవాల్నా?" జవాబు చెప్పలేకపోయాను. చిన్న రైతుకు నియమం, పెద్దవాడి ఫాంహౌసుకు మినహాయింపు. పాతికేళ్ళు అలాగే నడిపి రైతును దోషిని చేస్తే ఎలా?

కాబట్టి నేను అడిగేది రెండు వైపులా అడుగుతున్నాను. ప్రభుత్వాన్ని అడిగేది, ఆ 84 ఊళ్ళలో పెద్ద లేఅవుట్లు ఆపండి, పూడ్చిన వాగులు తవ్వించండి, ఆ ఫాంహౌసు ఎవరిదైనా సరే. నగరాన్ని, అంటే మిమ్మల్ని అడిగేది, మీ నీటి బిల్లులో కొంత తీసి, చెలకను చెలకగా ఉంచిన రైతుకు ఎకరాకింత అని ఏటా ఇవ్వండి. జాలిపడి ఇవ్వొద్దు, కౌలు అనుకుని ఇవ్వండి. వాడు మన వానను తన నేలలో ఆపుతున్నాడు. అప్పుడు మా తమ్ముడికి నేను జవాబు చెప్పగలను.

టైమైపోయిందని చీటీ వచ్చింది. ఒక్క మాట. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి నేను మెహిదీపట్నం బస్టాండ్‌లో ఉంటాను. వచ్చేవాళ్ళను ఆ కల్వర్టు దగ్గరికి తీసుకెళ్తాను. సుద్దగీతలు వానకు పోయాయి గానీ, వాటి కింద మేకుతో గీయించిన గీతలు ఇంకా ఉన్నాయి. పిల్లల్ని కూడా తీసుకురండి. నోటుబుక్కు తెస్తాను.