ఘాటీలో ఆగిపోయే పాత పికప్: పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి

(షెడ్డు ముందు బానెట్ ఎత్తిన పాత డీజిల్ పికప్)

నమస్తే. మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా సిమిలిగుడ. మా షెడ్డుకి వచ్చే పాత పికప్ డ్రైవర్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "చదునులో బానే పోతాది. సాలూరులో సిమెంటు ఏసుకుని సుంకి ఘాటీ ఎక్కితే గుంజదు." ఈ కొండదారిలో సాలూరు నుంచి కొరాపుట్ చేరేసరికి 26వ నంబరు హైవే మీద బండి 700 మీటర్లకు పైగా పైకెక్కాలి. ఇంజిన్ అక్కడ డీజిల్ బాగా తాగుతుంది. చదునులో కనపడని లోపం ఆ ఎత్తులోనే బయటపడుతుంది.

వెంటనే ఇంజిన్‌కి డీజిల్ కొట్టే పెద్ద పంపు విప్పి కాలిబ్రేషన్‌కి, అంటే సెట్టింగు సరిచేయించడానికి, పంపేస్తారు. దయచేసి ఆ తొందర వద్దు, అది ఖరీదైన పని. ముందు ట్యాంకు నుంచి పంపు దాకా దారి చూద్దాం. ఇదంతా మెకానికల్ పంపు ఉన్న బండ్ల సంగతి. కంప్యూటరుతో నడిచే కామన్ రైల్ బండి ప్రెషర్ పైపులు మాత్రం లూజు చెయ్యకండి. అందులో ప్రెషర్ 1000 బార్ దాటుతుంది, ఆ ధార చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది.

(సైలెన్సర్ దగ్గరగా)

సెల్ఫ్ కొడుతుంటే పొగ అసలు రాలేదా? ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకి డీజిల్ అందట్లేదు. తెల్లపొగ వస్తోందా? డీజిల్ అందుతోంది, మండట్లేదు. నల్లపొగ కక్కుతూ గుంజకపోతే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి.

(ట్యాంకు మూత మీదకి)

బండి ఆగిన చోటే మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చిందంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. శుభ్రం చేస్తే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. పీల్చే వైపు పైపు చీలితే డీజిల్ బయట కారదు, గాలి లోపలికి పోతుంది. చుక్క కూడా కనపడదు కాబట్టి మనం మోసపోతాం. మేస్త్రీలు లెవెల్ చూసే, లోపల కనపడే తెల్లపైపు ముక్క తెచ్చి, ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య బిగించి రేస్ ఇవ్వండి. ఇదిగో, దగ్గరగా చూడండి: ఆవగింజలంత బుడగలు వరుసగా పోతున్నాయి. ఈ బండికి రాగి వాషర్ అరిగింది. మీ బండిలో రబ్బరు పైపు కావచ్చు, ఫిల్టర్ గాస్కెట్ కావచ్చు. పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోందంటే ముందు దీన్నే అనుమానించండి.

బుడగలు లేకపోతే డబ్బా పెట్టండి. శుభ్రమైన డీజిల్ డబ్బాని సైలెన్సర్‌కి దూరంగా, బాడీలో గట్టిగా కట్టి, ట్యాంకు పైపుకి బదులు డీజిల్ పీల్చే వేరే పైపునీ, మిగిలిన డీజిల్ వెనక్కి తెచ్చే రిటర్న్ పైపునీ రెండింటినీ అందులో పెట్టండి. మూతకి చిన్న రంధ్రం ఉండాలి. లోడుతో ఏదైనా ఎత్తు ఎక్కించండి. నిలబెట్టి రేస్ ఇచ్చి చూస్తే తెలీదు. గుంజిందంటే తప్పు ట్యాంకులో గానీ దాని పైపులో గానీ ఉంది.

ఒక బండి సంగతి చెబుతాను. పంపు రెండుసార్లు విప్పించారు, పాపం, ఆ డ్రైవరన్న అప్పు కూడా చేశాడు. బండి ఆగేది, పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ స్టార్టయ్యేది. ఈ గుర్తు మరిచిపోవద్దు. ట్యాంకు దింపితే అడుగున అరచేయంత పాలిథిన్ ముక్క. ఇంజిన్ గట్టిగా పీల్చినప్పుడు ట్యాంకులో పైపు కొసకుండే జల్లెడకి అతుక్కునేది, ఆగితే ఊడి పడేది.

వానాకాలంలో ఫిల్టర్ అడుగు స్క్రూ తిప్పి గాజు గ్లాసులోకి పట్టండి. నీళ్లుంటే అడుగుకి చేరి గీత కనిపిస్తుంది. స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా వదలండి.

ఏ పైపు విప్పినా చివర్లో ఎయిర్ తియ్యాలి, అంటే పైపుల్లో చేరిన గాలి బయటికి పంపాలి. ఫిల్టర్ మీద స్క్రూ లూజు చేసి, చేతి ప్రైమర్, అంటే చేత్తో నొక్కే చిన్న పంపు, కొట్టండి. నురగ ఆగి నిండు ధార వచ్చాక, కొడుతూనే స్క్రూ బిగించండి.

డబ్బాతో కూడా గుంజలేదా? కొత్త ఫిల్టర్ వేసి మళ్లీ అదే ఎత్తు ఎక్కించండి. అప్పటికీ అంతే అయితే ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చూపించి, ఆ తరవాత పెద్ద పంపు విప్పండి. నాజిళ్లు కూడా దాంతోపాటే టెస్టుకి ఇవ్వండి.