పిల్లల కోపానికి మూడు గళ్ళ పుస్తకం (డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు)

నమస్కారమండి. పక్క తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది, మధ్యమధ్యలో దబ్బుదబ్బుమంటే ఏమనుకోకండి.

విసిరికొట్టడం, కొరకడం, బడికెళ్ళనని కిందపడి దొర్లడం... ఇవి రోజూ అవుతుంటే డాక్టరుకి చూపించడానికి రెండు వారాలు రాసుకునే పుస్తకం ఇది. ముందే చెప్తున్నా, పిల్లలు ‘చచ్చిపోతా’ అన్నా, ఒంటికి గాయం చేసుకున్నా పుస్తకం లేదు ఏమీ లేదు, ఆ రోజే తీసుకెళ్ళాలి.

సరే. రూళ్ళ పుస్తకం, అడ్డంగా తిప్పండి. రెండు గీతలు. ఇలా... ఇలా. పైన ‘ముందు’, ‘ఏం చేశాడు’, ‘తర్వాత’. పక్కన తేదీ, టైము. అయిపోయింది.

ఇదిగో, ఈ నడిమి గడి. నేను బోల్తా పడింది ఇక్కడేనండి. మా అక్క కువైట్‌లో పని చేస్తుంది, ఏడేళ్ళ కొడుకు మా దగ్గరే ఉంటాడు. నా మొదటి పేజీ చూడండి, దగ్గరగా పెడుతున్నా. ‘మొండి చేశాడు.’ ‘మొండి.’ ‘మళ్ళీ మొండి.’ డాక్టరుగారు చూసి, “మొండంటే ఏం చేశాడమ్మా? ఎంతసేపు?” అన్నారు. నోరు పెగల్లేదు. మొండి, పొగరు అని రాస్తే అందులో నా కోపమే ఉంది కానీ వాడు చేసింది లేదు. కంటికి కనపడిందే రాయండి. ‘స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాడు, పది నిమిషాలు ఏడ్చాడు.’ ఇలాగ.

అన్నం కలిపిన చేత్తో ఎక్కడ రాస్తాం? నేనైతే వాట్సాప్‌లో నాకు నేనే వాయిస్ మెసేజ్ పెట్టేసుకుంటా. టైము దానంతటదే పడుతుంది. రాత్రి పుస్తకంలోకి ఎక్కించడమే.

ఇప్పుడు పక్క గళ్ళు. నా వేలు చూడండి. ‘ముందు’లో శుక్రవారం, వాళ్ళమ్మ వీడియో కాల్ కట్ చేసింది. మళ్ళీ శుక్రవారం, కాల్ కట్ చేసింది. అక్కకి సెలవు ఆ రోజే. ‘తర్వాత’లో... ఫోను ఇచ్చాం. ఫోను ఇచ్చాం. ఫోను ఇచ్చాం. గ్లాసు విసిరితే ఫోను వస్తుందని నేర్పింది మేమేనండి! రాసేదాకా తెలిస్తేనా.

ఇప్పుడు కాల్ ఆపడానికి ఐదు నిమిషాల ముందే అక్క వాడికి చెప్తుంది. అవగానే కాలవగట్టుకి తీసుకెళ్తా. విసిరితే మాత్రం ఫోను లేదు. ఇవ్వడం మానేసిన కొత్తలో గొడవ పెరుగుతుందండి, తగ్గదు. మా అమ్మ “ఇచ్చెయ్యవే, ఇరుగుపొరుగు వింటున్నారు” అని నా మీద పడింది. అప్పుడు గానీ ఇచ్చారా, ఇంకాస్త గట్టిగా విసరాలని నేర్చుకుంటాడు.

టీచరుగారి చేత కూడా ఒక పేజీ రాయించండి. ఇంట్లోనేనా, బడిలోనూనా అని డాక్టరు తప్పకుండా అడుగుతారు. నిద్ర, చెవులు, కళ్ళు కూడా చూపించండి.

ఎక్కడికంటే, ముందు పిల్లల డాక్టరు. బడికీ అంగన్‌వాడీకీ ఆర్‌బీఎస్‌కే అని, పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ బృందం వాళ్ళు వస్తారు, 2013 నుంచి ఉన్న పథకం, 18 ఏళ్ళదాకా చూస్తారు. అవసరమైతే జిల్లాలో ఉండే డీఈఐసీకి, అంటే ఎదుగుదల సమస్యలున్న పిల్లల్ని చూసే ప్రభుత్వ కేంద్రానికి పంపుతారు. ఫోనులో అయితే టెలి మానస్, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం, నంబరు 14416. రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు.

ఖాళీ పేజీ ఫోటో కింద పెట్టాను. గీతలు వంకరగా ఉన్నాయా? సగం స్కేలుతో గీశానండి. మిగతా సగం సంగతి మొదటి వారం పేజీలో ఉంది.