కెమెరాకు చిక్కిన టోపీ

శ్రోతలకు నమస్కారం.

పొద్దున్నే దుకాణం తెరవడానికి వచ్చిన యజమానికి షట్టర్ తాళం విరిగి కనిపించింది. లోపల గల్లాపెట్టె ఖాళీ. గుండె జారినంత పనైనా వెంటనే తేరుకున్నాడు. నాలుగు సీసీ కెమెరాలున్నాయి, దొంగ ఎక్కడికి పోతాడు? పోలీసులొచ్చారు. అందరూ మానిటర్ చుట్టూ మూగారు. దొంగ వచ్చాడు, తీరిగ్గా పని చూసుకున్నాడు, వెళ్లిపోయాడు. అంతా రికార్డయింది. కాకపోతే కెమెరాకు చిక్కింది అతని టోపీ. కెమెరాను సీలింగుకు బిగించారు, అతనేమో తల వంచుకుని నడిచాడు. టోపీ మీద కుట్లు లెక్కపెట్టొచ్చు గానీ ముఖం ఒక్క క్షణమైనా కనబడదు.

ఇది నేను అల్లిన దృశ్యమే. అయినా వింటున్న వ్యాపారుల్లో కొందరు ఉలిక్కిపడి తమ సీలింగు వైపు చూసి ఉంటారు.

కెమెరా పెడితే దొంగతనాలు ఆగుతాయా? ఈ ప్రశ్న మీద చాలా పరిశోధనే జరిగింది. ఎరిక్ పిజా, బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్, అమండా థామస్ అనే నేరశాస్త్ర పరిశోధకులు నలభై ఏళ్లలో వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి 2019లో ఫలితం చెప్పారు. కెమెరాలు పెట్టిన చోట, పెట్టని చోట్లతో పోలిస్తే, నేరాలు 13 శాతం దాకా తగ్గాయి. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం బయటి స్థలాల్లోని కెమెరాల గురించి. కాబట్టి ఆ అంకెను యథాతథంగా మీ కౌంటర్ దగ్గరికి తెచ్చుకోకండి. అందులో అసలు సంగతి వేరే ఉంది. వాహనాల పార్కింగుల్లో కెమెరాలు బాగా పనిచేశాయి. కొట్లాటలు, దాడుల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు.

ఎందుకంటారు? బండి ఎత్తుకుపోయేవాడు లెక్క వేసుకుంటాడు. ఎటు నుంచి రావాలి, ఎటు పోవాలి, ఎవరు చూస్తారు? ఆ లెక్కలో కెమెరా ఒక అంకె. తాగిన మైకంలోనో కోపంలోనో చెయ్యి ఎత్తేవాడికి లెక్కే లేదు, ఇక కెమెరా ఏం చేస్తుంది? నా అభిప్రాయం అడిగితే, కెమెరా దొంగ చేతిని పట్టుకోదు, వాడి మనసులోని లెక్కను మారుస్తుంది, అంతే. కెమెరాలు పనిచేయడం మొదలుపెట్టకముందే, వస్తున్నాయన్న కబురుకే నేరాలు తగ్గిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇంకా విచిత్రం చెబుతాను. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో సైకిళ్లు పోతున్నాయని, కొన్ని స్టాండ్ల దగ్గర ‘సైకిల్ దొంగల్లారా, మిమ్మల్ని గమనిస్తున్నాం’ అని రాసి, పైన గుచ్చి చూస్తున్న రెండు కళ్ల బొమ్మ వేసి పెట్టారు. అవి కెమెరాలు కావు, వట్టి కాగితపు కళ్లు. అక్కడ దొంగతనాలు 62 శాతం తగ్గాయి. బాగుంది కదా? అయితే బోర్డు లేని స్టాండ్లలో 65 శాతం పెరిగాయి! దొంగ మారలేదు, స్టాండు మార్చాడు. మీ కెమెరా మీ దుకాణాన్ని కాపాడిందంటే, ఆ రాత్రి పక్క దుకాణం సంగతి కూడా ఒకసారి అడిగి చూడాలి. కెమెరాలు పెట్టిన ప్రతిచోటా ఇలాగే జరుగుతుందని కాదు. జరగవచ్చు.

మరి కాగితపు కళ్లే చాలుగా అంటారా? పొలంలో దిష్టిబొమ్మను చూసి పిట్టలు నాలుగు రోజులు భయపడతాయి, ఐదో రోజు దాని భుజం మీదే వాలతాయి. ఏడ్రియన్ బెక్, ఆండ్రూ విల్లిస్ బట్టల దుకాణాల్లో కెమెరాల మీద జరిపి 1999లో ప్రకటించిన అధ్యయనంలో ఇలాంటిదే బయటపడింది. మొదటి మూడు నెలల్లో నష్టాలు తగ్గాయి, ఆరు నెలలయ్యేసరికి ఆ లాభం కరిగిపోయింది. కెమెరా వెనక మనిషి లేడని దొంగకు అర్థమైపోతుంది. పనివాళ్లకైతే ఇంకా ముందే అర్థమవుతుంది. ఏ కెమెరా ఎటు చూస్తుందో, ఏది రెండు నెలలుగా పనిచేయట్లేదో వాళ్లకు తెలియంది కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

మనిషిని కూర్చోబెడదామంటే, కళ్లార్పకుండా తెరలు చూస్తూ కూర్చోవడం ఎవరి వల్లా కాదు. ఇరవై నిమిషాలకే ధ్యాస చెదిరిపోతుందని అమెరికాలో పరీక్షించి చెప్పారు. అందుకే దుకాణంలో ఒక మానిటర్‌ను గిరాకీలకే కనబడేలా పెడతారు. లోపలికి అడుగుపెట్టగానే తన బొమ్మ తనకే కనిపిస్తే ఎవరికైనా ఒళ్లు కాస్త దగ్గరికి వస్తుంది. ఖర్చు తక్కువ, నాకు నచ్చిన ఉపాయం.

ఆపడం అయిపోయింది, ఇక పట్టించడం. మాథ్యూ ఆష్బీ అనే పరిశోధకుడు 2011 నుంచి 2015 వరకు బ్రిటన్ రైల్వేల్లో నమోదైన రెండున్నర లక్షల నేరాలను పరిశీలించాడు. 45 శాతం కేసుల్లో ఫుటేజ్ దొరికింది. దొరికిన వాటిలో 65 శాతం దర్యాప్తుకు పనికొచ్చింది. ఇది చిన్న లెక్క కాదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మనం వెక్కిరిస్తాం గానీ, మొరిగినప్పుడు దొంగ ముఖం చూపించగలిగితే ఆ కుక్కను తక్కువ చేయలేం.

ముఖం అన్నాను కదా, చిక్కంతా అక్కడే. ఒక కొత్త మనిషిని గుర్తుపట్టాలంటే చిత్రంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, ఉండాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. మామూలు ఫుల్ హెచ్‌డీ కెమెరాకు అడ్డంగా 1920 పిక్సెళ్లుంటాయి. భాగించి చూడండి, ముఖం తెలిసేలా పట్టే వెడల్పు ఎనిమిది మీటర్లు కూడా రాదు. హాలంతా ఒక్క కెమెరాలో పట్టించామని మురిసిపోతే, ఆ హాల్లో తిరిగేవాళ్లంతా నీడలే. తలుపు దగ్గర ఎండ వెనక నుంచి కొడితే ముఖం నల్లగా పడుతుంది. రాత్రిళ్లు లెన్స్ ముందు సాలీడు గూడు కడితే తెర మొత్తం తెల్లటి పొగ. హార్డ్ డిస్క్ నిండితే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. ఆ రికార్డింగ్ దాచే పెట్టె, అదే డీవీఆర్, గల్లా పక్కనే ఉంటే దొంగ దాన్నీ చంకన పెట్టుకుపోతాడు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేస్తే మరో తలనొప్పి. 2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రామ్ అలాంటి కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో వశం చేసుకుని ఇంటర్నెట్ మీద దాడికి వాడింది. కాపలా పెట్టినవే దొంగలపాలయ్యాయి.

ఈ సాయంత్రం ఒక పని చేసి చూడండి. మీ దుకాణంలో పనిచేసే కుర్రాడికి ఒక టోపీ ఇచ్చి, తల వంచుకుని గబగబా లోపలికొచ్చి బయటికి పొమ్మనండి. ఆ తర్వాత రికార్డింగ్ తెరిచి, వాడి ముఖం ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి. దొరక్కపోతే సీలింగు మీది కెమెరాను ఊడదీసి, బయటికి పోయే తలుపు పక్కన మనిషి ముఖం ఎత్తులో బిగించండి. పనిలో పని, తెర మూలన కనబడే టైమును మీ చేతి గడియారంతో సరిచూసుకోండి. నిమిషాల తేడా ఉందనుకోండి, రేపు కోర్టులో మీ ఫుటేజ్ మీద వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు.

సెలవు.