ఇవ్వడానికి రెండు క్రియలు: మలయాళం, జపనీస్ పక్కపక్కన

సభకు నమస్కారం.

జపనీస్‌కూ ద్రావిడ భాషలకూ చుట్టరికం ఉందన్న మాట మీలో కొందరు వినే ఉంటారు. జపాన్ పండితుడు సుసుము ఓనొ తమిళాన్నీ జపనీస్‌నూ ముడిపెట్టి ఏళ్ల తరబడి రాశారు. భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో తరవాత చూద్దాం. ఈ రోజు నేను తమిళం బదులు మలయాళాన్ని తీసుకున్నాను. కొన్ని చోట్ల మలయాళం తోబుట్టువుల్ని వదిలేసి జపనీస్ పక్కన నిలబడుతుంది కాబట్టి.

వాక్యపు వరస గురించి ఎక్కువ చెప్పను. మన ‘నేను నిన్న కొన్న పుస్తకం’ మలయాళంలో ‘ఞాన్ ఇన్నలె వాఙ్ఙియ పుస్తకం’, జపనీస్‌లో ‘వతషి గ కినో కత్త హొన్’. మాటకు మాట సరిపోయింది. అయితే కొరియన్‌లోనూ టర్కిష్‌లోనూ ఇదే వరస, కనుక మురిసిపోవడానికేమీ లేదు.

క్రియ దగ్గర కథ మారుతుంది. తెలుగులో వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది అంటాం. మలయాళంలో ఎవరు వెళ్ళినా ‘పోయి’. జపనీస్‌లో ఎవరు వెళ్ళినా ‘ఇత్త’. పాత మలయాళానికి పురుష ప్రత్యయాలు ఉండేవి, తరవాత రాలిపోయాయి. ఏ.ఆర్. రాజరాజవర్మ రాసిన మలయాళ వ్యాకరణం, కేరళపాణినీయం, దీనికి ‘పురుషభేదనిరాసం’ అని పేరు పెట్టి, మలయాళాన్ని తమిళం నుంచి వేరుచేసే ఆరు లక్షణాల్లో ఒకటిగా లెక్కించింది. తెలుగువాళ్లు తడబడేది ఇక్కడే. మన భాషలో కర్తను వదిలేసినా క్రియ చివర అది దొరుకుతుంది. ఆ అలవాటుతో మలయాళంలో ఉత్త ‘పోయి’ అని ఊరుకుంటే, ముందు ఎవరి ప్రస్తావనా లేకపోయాక, అవతలివాళ్లు ‘ఆరు?’ అని అడుగుతారు. ఎవరు అని.

మరి ప్రత్యయం లేకుండా ఎవరు ఎవరికి చేశారో ఎలా తెలుస్తుంది? రెండు భాషలూ ‘ఇచ్చు’ అన్న ఒక్క అర్థాన్ని రెండు క్రియలకు పంచాయి. నాకు ఇస్తే మలయాళంలో ‘తన్ను’, జపనీస్‌లో ‘కురెత’. నేను అతనికి ఇస్తే ‘కొడుత్తు’, ‘అగెత’. ఇక్కడిదాకా అచ్చుగుద్దినట్టే ఉంది. కానీ గీత గీసిన చోటు వేరు. మలయాళంలో నేనూ, ఎదురుగా ఉన్న నువ్వూ ఒక వైపు, మిగతా లోకమంతా అవతలి వైపు. అందుకే నేను నీకు ఇచ్చినా ‘ఞాన్ నినక్కు తన్ను’. జపనీస్‌లో నేనూ నావాళ్లూ ఒక వైపు, నువ్వు అవతల. అందుకే నేను నీకు ఇస్తే ‘అగెత’. మా తమ్ముడికి పొరుగాయన ఇస్తే జపనీస్‌లో ‘కురెత’, ఎందుకంటే తమ్ముడు నావాడు. మలయాళంలో అక్కడ ‘కొడుత్తు’, ఎందుకంటే తమ్ముడు ప్రథమ పురుష. ఈ రెండు వాక్యాలూ సరిగా వస్తే సగం పని అయినట్టే.

ఇవే క్రియలు సహాయక క్రియలు కూడా. ‘పరఞ్ఞు తన్ను’, ‘ఒషియెతె కురెత’: నాకు చెప్పిపెట్టారు అని. జపనీస్‌లో ఇంకో గుంట ఉంది. గురువుగారి సంచి పట్టుకుంటామని ‘మొత్తె అగెమసు’ అంటే మేలు చేసిపెడుతున్నట్టు వినిపిస్తుంది. ‘ఒమొచి షిమసు’ అనాలి.

ఇంకో పొరపాటు రెండింట్లోనూ ఒకేలా వస్తుంది. మనం ‘ఇది పుస్తకం’ అని ఆగిపోతాం. మలయాళానికి చివర ‘ఆణు’ కావాలి, ‘ఇతు పుస్తకమాణు’. జపనీస్‌కు ‘దెసు’ కావాలి, ‘కొరె వ హొన్ దెసు’. వదిలేస్తే అర్థం అందుతుంది గానీ పెద్దల ముందు మాట తెగ్గొట్టినట్టు ఉంటుంది.

ఉచ్చారణలో మనకు ఛందస్సు పనికొస్తుంది. జపనీస్ మాటను కొలిచేది మాత్రలతోనే. ‘తోక్యో’ రెండు గురువులు, నాలుగు మాత్రలు. ‘నిప్పొన్’ కూడా నాలుగే. మన పత్రికలు రాసే ‘హిరోషిమా’ మాత్రం ఇంగ్లీషు దారిన వచ్చింది. అసలు మాట ‘హిరొషిమ’, నాలుగూ లఘువులే. మలయాళం వైపు కష్టం అనునాసికాలు: ఆరు స్థానాల్లో పలుకుతాయి. జపనీస్‌లో మాట మధ్య వచ్చే పొల్లు ‘న్’ మన సున్నలాగే తరవాతి హల్లును బట్టి మారుతుంది. అచ్చు ముందు మాత్రం అది అచ్చుతో కలవదు, విడిగా ఒక మాత్ర నిలుస్తుంది. ‘కిన్‌-ఎన్’ అంటే పొగతాగడం నిషేధం. సంధి చేసి ‘కినెన్’ అంటే స్మారకం అయిపోతుంది. మలయాళీలకూ ఇదే చిక్కు, ‘అవన్’, ‘ఉండు’ కలిస్తే వాళ్లకు ‘అవనుండు’ అవుతుంది మరి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది సమాసం. మలయాళంలో ఆన, కుట్టి కలిస్తే ‘ఆనక్కుట్టి’, ఏనుగు పిల్ల. కకారం ద్విత్వమైంది. ఆన, కుతిర కలిసి ఏనుగులూ గుర్రాలూ అయితే ‘ఆనకుతిరకళ్’, ద్విత్వం లేదు. జపనీస్‌లో యమ అంటే కొండ, కవ అంటే నది. కొండల్లో పారే నది ‘యమగవ’, క గ అయింది. కొండలూ నదులూ అయితే ‘యమకవ’. అంటే మొదటి పదం రెండోదానికి విశేషణమైతే రెండో పదం మొదటి హల్లు మారుతుంది, ద్వంద్వమైతే మారదు. తెలుగు సరిగ్గా తిరగబడింది: సమాసాల్లో మన గసడదవాదేశం వచ్చేది ద్వంద్వంలోనే, కూరగాయలు, తల్లిదండ్రులు. జపనీస్ నియమానికి ఒక అడ్డు ఉంది. రెండో పదంలో ముందే గ, జ, ద, బ లాంటి నాదాక్షరం ఉంటే మార్పు రాదు. మనం కామికాజే అనే ‘కమికజె’ అందుకే ‘కమిగజె’ కాలేదు. దీన్ని 1894లో రాసిపెట్టిన లైమన్ పేరుమీద లైమన్ సూత్రం అంటారు.

ఇంత సూక్ష్మమైన పోలిక కూడా చుట్టరికానికి రుజువు కాదు. నియమాలు ఎక్కడికక్కడ పుట్టవచ్చు. చుట్టరికానికి కావలసింది రోజువారీ మాటల్లో క్రమం తప్పని ధ్వని మార్పు. మలయాళంలో ‘కోఴి’, ‘ఏఴు’ ఉన్నచోట మనకు కోడి, ఏడు: ఴ ఉన్నచోట డ. జపనీస్‌లో ఏడు ‘నన’. అక్కడి అంకెల పొందిక వేరు: మూడు ‘మి’, దాని రెట్టింపు ఆరు ‘ము’, నాలుగు ‘యొ’, ఎనిమిది ‘య’. ద్రావిడ అంకెల్లో ఇలాంటి జత లేదు. ఓనొ జతపరచిన మాటల్లో ధ్వనులూ అర్థాలూ వదులుగా కుదిరాయన్నదే ప్రధాన ఆక్షేపణ. జపనీస్ చుట్టాలుగా నిజంగా తేలినవి దక్షిణాన ర్యూక్యూ దీవుల భాషలు. జపనీస్‌లో మనసు ‘కొకొరొ’, వాటిలో ఒకటైన ఒకినావా భాషలో ‘కుకురు’. మబ్బు ‘కుమొ’, అక్కడ ‘కుము’. వాన ‘అమె’, అక్కడ ‘అమి’. పడవ ‘ఫునె’, అక్కడ ‘ఫుని’. ఒ ఉన్నచోట ఉ, ఎ ఉన్నచోట ఇ.