సిరంజీలో ఏముందో అడగండి

అందరికీ నమస్కారం.

ముఖానికి ఇంజెక్షన్ అనగానే "బొటాక్స్ చేయించుకున్నారట" అనేస్తారు. నిజానికి అందులో ఒకదానికొకటి పొంతన లేని మందులు నాలుగైదు రకాలున్నాయి. ఈ వైద్యానికి వచ్చేవాళ్లలో చాలామందికి ముఖం ఎలా కనిపించాలో తెలుసు, ఒంట్లోకి ఏం ఎక్కించుకుంటున్నారో తెలియదు. చర్మ వైద్యుడిగా నన్ను బాధపెట్టేది అదే.

అద్దం ముందు నిలబడి ఒకసారి కనుబొమలు ముడవండి. మధ్యలో నిలువు గీతలు పడతాయి. ఇప్పుడు వదిలేయండి. గీత మాయమైతే అది కండరం ముడుచుకోవడం వల్ల వచ్చింది. బొటాక్స్ పేరుతో మీరు వినే బొటులినమ్ టాక్సిన్ పని చేసేది అలాంటి గీతల మీదే. కండరాన్ని ముడుచుకోమని చెప్పే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరం చివర విడుదల కాకుండా ఆపుతుంది, కండరం సడలుతుంది. పూర్తి ఫలితం కనిపించడానికి రెండు వారాలు పడుతుంది, మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. ఇది మొదట కంటి జబ్బులకు వాడిన మందు. కనురెప్పలు అదిరే జబ్బుకు కెనడాలో కంటి వైద్యురాలు జీన్ కారథర్స్ ఈ మందు ఇస్తుంటే కనుబొమల మధ్య గీతలు కూడా పోవడం గమనించారు. చర్మ వైద్యుడైన భర్త అలస్టెయిర్‌తో కలిసి 1992లో ఆ విషయం ప్రచురించారు. ఆ గీతలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2002లో వచ్చింది.

ముఖం కదలకున్నా గీత లోతుగా ఉండిపోతే, బుగ్గలు లోపలికి పోతే టాక్సిన్ వల్ల పెద్దగా లాభం ఉండదు. అక్కడ వాడేది ఫిల్లర్, అంటే గుంట పూడ్చే మందు. ఎక్కువగా వాడే ఫిల్లర్ హయలురోనిక్ యాసిడ్ జెల్. ఈ పదార్థం మన చర్మంలో సహజంగానే ఉంటుంది. త్వరగా కరిగిపోకుండా దాని అణువులను ఒకదానితో ఒకటి ముడివేసి జెల్‌గా చేస్తారు. స్కిన్ బూస్టర్ అంటే ఇంకా పలుచటి రకం. అది చర్మంలో తేమ నిలపడానికే గానీ గుంటలు పూడ్చడానికి కాదు. పాలీలాక్టిక్ యాసిడ్ వేరు, అది చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను, మన సొంతదాన్నే, కొన్ని నెలల మీద పెంచుతుంది. హయలురోనిక్ జెల్ తేడా చేస్తే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించవచ్చు, పాలీలాక్టిక్ యాసిడ్‌కు అలాంటి విరుగుడు లేదు. మందు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఈ తేడానే.

అందరికీ భయం వాపు, కమిలిన మచ్చల గురించి. అవి కొన్ని రోజుల్లో పోతాయి. నా భయం రక్తనాళం గురించి. జెల్ పొరపాటున ధమనిలోకి వెళితే ఆ మేరకు చర్మానికి రక్తం అందదు. అక్కడ చర్మం ఒక్కసారిగా తెల్లబడుతుంది. తర్వాత వల అల్లినట్టు ఊదా చారలు వస్తాయి. వేలితో నొక్కి వదిలితే రంగు ఆలస్యంగా తిరిగొస్తుంది. నొప్పి ఉంటుందనే నమ్మకంతో ఉండకండి, చాలా జెల్‌లలో మత్తుమందు కలిపే ఉంటుంది. ముక్కు, కనుబొమల మధ్య భాగం మరీ ప్రమాదం. అక్కడి నాళాలకు కంటి ధమనితో సంబంధం ఉంది, జెల్ వెనక్కి ప్రయాణిస్తే చూపు పోవచ్చు. ఇది అరుదే, కానీ జరిగితే నిమిషాలు కూడా లెక్కే. చర్మం రంగు మారినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి, రాత్రయినా సరే డాక్టరుకు ఫోన్ చేయండి.

మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని వేరుచేసి చర్మంలోకి ఎక్కించే పీఆర్‌పీ గురించి ఒక మాట. మన రక్తమే కదా అని ధీమా పడకండి. అమెరికాలోని న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ఈ వైద్యం చేయించుకున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకింది. సూదులు, రక్తం గొట్టాల విషయంలో శుభ్రత లేకపోతే జరిగేది ఇదే. ఇక చర్మం తెల్లబడడానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు అంటారా, నేను ఇవ్వను, ఎవరికీ సిఫారసు చేయను. చర్మం తెల్లబరచడానికి ఎఫ్‌డీఏ ఏ ఇంజెక్షన్‌నూ అనుమతించలేదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవన్నీ వాయిదా వేసుకోవాలి. కండరాలు నీరసపడే మయస్థీనియా జబ్బు ఉన్నవాళ్లకు టాక్సిన్ కూడదు. పెదవి మీద పొక్కులు వచ్చే అలవాటున్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి.

కుర్చీలో కూర్చునే ముందు డబ్బా మీ ఎదుటే తెరవమనండి. మందు పేరు, బ్యాచ్ నంబరు మీ కాగితం మీద రాయించుకోండి. ఫిల్లర్ అయితే హయలురోనిడేజ్ ఆ గదిలోనే ఉందా అని అడగండి. లేదని చెప్పినా, మీ ప్రశ్నకు విసుక్కున్నా, లేచి వచ్చేయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.