చీర ఫొటో పేజీలో పెట్టేముందు

అందరికీ నమస్కారం. మగ్గం ఆపుకుని వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారిక్కడ, మీ టైమ్ విలువ నాకు తెలుసు, అందుకని నేరుగా విషయంలోకి వెళ్తాను. పోచంపల్లిలో చీర గురించి మీరు నాకు చెప్పాలి, నేను మీకు చెప్పేది చీర ఫొటో గురించి, అందులోనూ ఒక్క పని గురించే, ఫొటోని వెబ్ పేజీలో పెట్టేముందు దాని సైజు తగ్గించడం. ఇదేం పెద్ద విషయం, బటన్ నొక్కితే అయిపోతుంది కదా అనిపించొచ్చు. నేను చాలాకాలంగా చేనేత వాళ్లకి పేజీలు చేసిపెడుతున్నాను, ఇక్కడే కాదు మంగళగిరిలో, వెంకటగిరిలో కూడా, అన్నిచోట్లా చూసింది ఒకటే, రోజుల తరబడి కూర్చుని నేసిన చీరని ఫోన్‌తో టకామని ఒక ఫొటో తీసి తీసింది తీసినట్టే పేజీలో పడేస్తారు, చీరకి పెట్టిన శ్రద్ధలో వందో వంతు కూడా ఫొటోకి పెట్టరు, కొనేవాళ్లకి మాత్రం కనిపించేది ఆ ఫొటో ఒక్కటే.

మొదట్లో నేనూ అలాగే చేశాను. మా చుట్టాలమ్మాయికి పేజీ చేసిపెడుతూ నలభై చీరల ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించేశా, ఒక్కోటి నాలుగైదు ఎంబీ, మొత్తం నూటఅరవై ఎంబీ పైమాటే. మా ఇంట్లో వైఫైలో బాగానే వచ్చింది. ఊళ్లో ఉన్న మా పిన్నికి లింక్ పంపి చూడు పిన్నీ ఎలా ఉందో అన్నాను, కాసేపాగి ఆవిడే ఫోన్ చేసి "ఏవమ్మా, చీరలన్నీ సగం సగమే ఉన్నాయి, కొంగులు ఏవీ?" అంది. ఫొటో పైనుంచి కిందికి మెల్లగా పట్టీలు పట్టీలుగా దిగుతుంటే ఆవిడకి పై సగమే కనపడింది, కింద సగం వచ్చేలోపు ఆవిడ కిందికి జరిపేసింది, ఆ రోజు డేటా ప్యాక్ కూడా దాదాపు అయిపోయింది. అంటే మన చీర చూడ్డానికి ఆవిడ సొంత డబ్బులు కట్టింది, చూడకుండానే వెళ్లిపోయింది. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది.

సరే, పిక్సెల్ అంటే ఏంటో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు, మీ ఇళ్లల్లో డిజైన్ గీసే గ్రాఫ్ పేపర్ ఉంటుంది కదా, ఆ గడే పిక్సెల్. ఒక్కో గడికి ఒక్కో రంగు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఆయన తన చంటిపిల్లాడి ఫొటోని మొట్టమొదటిసారి కంప్యూటర్లోకి స్కాన్ చేసినప్పుడు ఆ బొమ్మకి అడ్డంగా 176 గళ్లు, నిలువుగా 176 గళ్లు, మొత్తం కలిపినా ముప్పైఒక్క వేలు దాటవు. ఇప్పుడు మామూలు ఫోన్‌లో పన్నెండు మెగాపిక్సెల్ కెమెరాతో చీరని నిలువుగా తీస్తే అడ్డంగా 3000, నిలువుగా 4000, అంటే ఒక కోటీ ఇరవై లక్షల గళ్లు. మంచిదే, నేతలో ప్రతి పోగూ దొరుకుతుంది, కానీ చూసేవాళ్ల ఫోన్ స్క్రీన్ అడ్డంగా చాలావరకు 1080 గళ్లే. పేజీలో వరసకి రెండు చీరలు పెడితే ఒక్కో ఫొటోకి దక్కేది 540. మీరు పంపింది 3000, చూపించగలిగేది 540, ఎత్తు కూడా లెక్కేస్తే ముప్పై గళ్లు పంపితే ఒక గడి పని చేస్తోంది, మిగతా ఇరవైతొమ్మిదీ దారిలో డేటా తినేసి వెళ్లిపోతున్నాయి.

ఇక్కడ చాలామంది చేసే పనొకటుంది, ఫొటో అలాగే ఉంచి పేజీ కోడ్‌లో విడ్త్ 300 అని రాసేస్తారు, చిన్నగా కనపడుతుంది కదా, అయిపోయిందనుకుంటారు. ఆరు గజాల చీరని ఎన్ని మడతలు పెట్టినా దాని బరువు తగ్గుతుందా? ఇదీ అంతే. ఆ నాలుగు ఎంబీ మొత్తం దిగాల్సిందే, దిగాక ఫోన్ దాన్ని విప్పాలి, విప్పినప్పుడు జేపెగ్, అంటే ఫొటోని నొక్కి దాచే ఫైలు, దాని సైజుతో సంబంధం లేదు, గడికి నాలుగు బైట్లు చొప్పున కోటీ ఇరవై లక్షల గళ్లకి 48 ఎంబీ మెమరీ, అలాంటివి ఇరవై ఉంటే 960 ఎంబీ, తక్కువ ధర ఫోన్ అయితే అక్కడే నత్తలా అయిపోతుంది, ఒక్కోసారి పేజీయే మూసుకుపోతుంది. కాబట్టి తగ్గించే పని బ్రౌజర్‌కి వదలొద్దు, ఎక్కించకముందే మనమే చెయ్యాలి, మన కళ్లతో చూసుకుంటూ చెయ్యాలి.

ఎందుకు చూసుకుంటూ అంటున్నానంటే ఇప్పుడు చెప్పేది వినండి, అసలు నేనొచ్చింది దీనికోసమే.

మంగళగిరి సన్నగళ్ల చీర ఒకటి పేజీలో పెట్టాం. చేతిలో పట్టుకుంటే చక్కగా చిన్న చిన్న గళ్లు, అంచుకి జరీ. కొన్నావిడ చీర అందాక ఫోన్ చేసి ఫొటోలో ఉన్న చీర ఇది కాదు, దాంట్లో అలలు అలలుగా డిజైన్ ఉంది, అది నచ్చే కొన్నాను అంది. వెళ్లి పేజీ చూస్తే నిజమే, చీర అంతటా వంకర అలలు, అసలు చీరలో లేనివి. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయి? సైజు తగ్గించేటప్పుడు వచ్చాయి. 3000 గళ్లని 300 చెయ్యాలంటే అన్నిటికంటే సోమరి పద్ధతి పదింటికి ఒకటి ఏరుకుని మిగతావి పారేయడం. చీరలో గీతలు సరిగ్గా పదకొండు గళ్లకొకటి ఉన్నాయనుకోండి, మనం పదికొకటి ఏరుతున్నాం, మొదట్లో గీత మీద పడతాం, తర్వాత కొంచెం పక్కన, ఇంకొంచెం పక్కన, అలా జరిగి జరిగి మళ్లీ గీత మీదికి వస్తాం, అందుకని పది గీతలున్న చోట ఒకే ఒక లావు పట్టీ ఉన్నట్టు కనపడుతుంది. దోమతెర మీద ఇంకో దోమతెర వేస్తే అలలు కనపడతాయి చూడండి, అదే ఇది, దీన్ని మొయిరే అంటారు. దీనికి మందు ఏంటంటే ఏరుకోవడం కాదు, కలపడం, చుట్టుపక్కల గళ్లన్నిటి రంగూ సగటు తీసి కొత్త గడి చెయ్యాలి. సాఫ్ట్‌వేర్లో నియరెస్ట్ అనో నన్ అనో ఉంటే అది ఏరుకునే పద్ధతి, ముట్టుకోవద్దు, లాన్జోస్ గానీ బైక్యూబిక్ గానీ ఉంటే అది పెట్టుకోండి. అయినా ఒక హద్దుంది, ఒక గీత, దాని పక్క ఖాళీ, ఈ రెండూ విడివిడిగా కనపడాలంటే కనీసం రెండు పిక్సెల్స్ ఉండాలి, అంతకంటే సన్న గళ్లు చిన్న ఫొటోలో కనపడవు, ఒకే రంగుగా కలిసిపోతాయి, అది తప్పు కాదు, రెండు గజాల దూరం నుంచి చూసినా అలాగే కదా ఉండేది. అందుకే ప్రతి చీరకీ దగ్గరగా తీసిన ముక్క ఫొటో ఇంకోటి పెట్టమంటాను, జానెడు గుడ్డ ఫ్రేమ్ నిండా, దాంట్లో పోగు పోగూ తెలుస్తుంది. కెమెరాలోనే అలలు పడితే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తియ్యలేదు, కొంచెం ముందుకో వెనక్కో జరిగి, ఫోన్ కాస్త ఏటవాలుగా పట్టుకుని మళ్లీ తియ్యడమే.

ఇక మీ ఇక్కత్‌కి వద్దాం. పోగుకి ముందే రంగు కట్టి తర్వాత నేస్తారు కాబట్టి రంగు మారే చోట అంచు కత్తితో కోసినట్టుండదు, ఈకలాగా కొంచెం లోపలికి బయటికి పాకుతుంది. ప్రింట్ చేసిన నకిలీలో అది ఉండదు, గీత తిన్నగా ఉంటుంది. తెలిసినవాళ్లు కొనేముందు వెతికేది ఆ అంచునే. ఇప్పుడు సైజు తగ్గించాక ఫొటో కొంచెం మెత్తబడుతుంది, సహజం, సగటు తీశాం కాబట్టి, దాన్ని సరిచెయ్యడానికి షార్పెన్ అని ఒకటుంటుంది, కొంచెం చేస్తే మంచిదే, కానీ బాగా కనపడాలని దాన్ని చివరిదాకా లాగితే ఏమవుతుందంటే ఆ ఈకల అంచు గట్టి గీతై కూర్చుంటుంది, పక్కన తెల్లటి నీడ కూడా పడుతుంది, చేత్తో కట్టి నేసిన చీర అచ్చం ప్రింట్ చీరలా కనపడుతుంది. ఎంత బాధేస్తుందో నాకు అలాంటి ఫొటో చూసినప్పుడు! ప్రింట్ చీరలతో పోటీ పడలేకపోతున్నాం అని చెప్పుకునే మనమే మన చేత్తో మన చీరని ప్రింట్‌లా చేసి చూపిస్తున్నాం. దయచేసి ఆ పని చెయ్యొద్దు. చేశాక నూరు శాతం సైజులో పెట్టి అంచు చూడండి, పక్కన అసలు చీర పరుచుకుని మరీ చూడండి.

జరీ సంగతి వేరే. నల్ల చీర మీద సన్న జరీ గీతలుంటే ఫొటో చిన్నది చేశాక జరీ మసకబారినట్టు, చీర ఇంకా నల్లబడినట్టు కనిపిస్తుంది, లైటింగ్ బాలేదనుకుంటాం. లైటింగ్ తప్పు కాదది. ఫొటోలో రాసి ఉండే అంకెలు వెలుతురుకి సమానంగా పెరగవు, నలుపు 0 తెలుపు 255 అనుకుంటే సగం వెలుతురు 127 దగ్గర ఉండదు, 188 దగ్గర ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఇది పట్టించుకోకుండా అంకెలకి అంకెలు సగటు తీసేస్తే 127 వస్తుంది, అది తెలుపు వెలుతురులో ఐదో వంతే. మెరుపంతా అక్కడ పోతోంది. స్కూష్ అని బ్రౌజర్లోనే ఉచితంగా నడిచేదొకటి ఉంది, ఫొటో మీ కంప్యూటర్ దాటి బయటికి పోదు, అందులో రీసైజ్ దగ్గర లీనియర్ ఆర్‌జీబీ అని చిన్న టిక్ ఉంటుంది, అది ఉండేలా చూసుకోండి, టిక్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తే జరీలో తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత సేవ్ చేసేటప్పుడు. జేపెగ్ అయితే క్వాలిటీ 80 దగ్గర మొదలుపెట్టండి, గుడ్డ మీద చిన్న చిన్న చదరాలు కనపడితే పెంచండి. పుట్టపాక తేలియా రుమాల్ లాంటివాటికి ఒక జాగ్రత్త, ఎరుపు, నలుపు, తెలుపు పక్కపక్కనే ఉంటాయి కదా, జేపెగ్ మామూలుగా వెలుతురుని పూర్తిగా దాచుకుంటుంది గానీ రంగుని మాత్రం నాలుగు గళ్లకి కలిపి ఒకటే దాచుకుంటుంది, దాంతో ఎరుపు పక్కకి కారినట్టుంటుంది, ఉతికితే రంగు పోయే చీరేమో అనుకుంటారు చూసేవాళ్లు. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సబ్‌శాంప్లింగ్ 4:4:4, అంటే రంగు కూడా గడి గడికీ విడిగా, పెడితే ఆ కారడం తగ్గుతుంది, ఫైలు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. జేపెగ్ లాంటిదే వెబ్‌పీ అని ఇంకో ఫైలు రకం ఉంది, అదైతే ఇంకా చిన్న ఫైలు వస్తుంది, 2020 నుంచి ఐఫోన్‌లో ఉండే సఫారీ బ్రౌజర్ కూడా చూపిస్తోంది కాబట్టి భయపడక్కర్లేదు, కానీ మామూలు వెబ్‌పీ కూడా రంగుని అలాగే నాలుగింటికి ఒకటిగా కలుపుతుంది, అందుకే ఎర్రంచు చీరలకి నేను జేపెగ్గే వాడతాను.

ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఉండాలన్నారండీ అని అడుగుతారు ప్రతిచోటా. అది కాగితానికి. పేజీకి లెక్క పిక్సెల్సే, డీపీఐ ఎంత రాసినా ఏం మారదు.

ఇంకోటి, ఇళ్లల్లో ఉండి అమ్ముకునే అక్కలు, చెల్లెళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ ఉంటే ఫొటో ఫైలు లోపల మీ ఇల్లు ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి ఉంటుంది, తీసినది తీసినట్టు ఎక్కిస్తే అది కూడా ఎక్కొచ్చు. సైజు తగ్గించేటప్పుడే ఆ సమాచారం తీసేయండి. అయితే దాంతోపాటు కలర్ ప్రొఫైల్, అంటే ఫొటోలో అంకెలకి ఏ రంగు చూపించాలో చెప్పే సమాచారం, కూడా ఊడిపోతే కొన్ని ఫోన్లలో తీసిన ఫొటోల రంగులు వెలిసినట్టవుతాయి, కాబట్టి ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ రంగుల పద్ధతికి మార్చి అప్పుడు తీసేయండి.

ఎన్ని సైజులు చెయ్యాలి? నేనైతే మూడు చేస్తాను, వరసలో కనపడేదానికి అడ్డంగా 540 పిక్సెల్స్, చీర పేజీ తెరిస్తే 1080, జూమ్ చేసేవాళ్లకి 2000. మూడూ అసలు ఫొటో నుంచే చెయ్యాలి, 1080 నుంచి 540 కాదు, జేపెగ్‌ని సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. అసలు ఫొటో ఎప్పుడూ డిలీట్ చెయ్యొద్దు, చిన్నదాన్ని మళ్లీ పెద్దది చేస్తే పోయిన పోగు తిరిగి రాదు. ఫోన్ నుంచి కంప్యూటర్‌కి వాట్సాప్‌లో పంపుకుంటే డాక్యుమెంట్‌గా పంపుకోండి, ఫొటోగా పంపితే అక్కడే ఒకసారి నొక్కేస్తుంది.

1993లో మొజాయిక్ అనే బ్రౌజర్ తయారుచేసినవాళ్లలో ఒకరైన మార్క్ ఆండ్రీసన్ పేజీలో బొమ్మ పెట్టడానికి ఇమేజ్ ట్యాగ్ ప్రతిపాదించినప్పుడు అందరికీ ఒకటే బొమ్మ, అలాగే చాలా ఏళ్లు గడిచింది. 2014 నుంచి ఎస్ఆర్‌సీసెట్ అనేది బ్రౌజర్లలోకి వచ్చింది, మూడు సైజులూ దాంట్లో రాసి, పేజీలో ఫొటో ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో సైజెస్‌లో చెప్తే, ఏ ఫోన్‌కి ఏది సరిపోతుందో ఆ ఫోనే చూసుకుని అదొక్కటే దింపుకుంటుంది. విడ్త్, హైట్ కూడా రాయండి, ఇక్కడ వాటి పని వేరు, ఫొటో రాకముందే దానికి చోటు పట్టి ఉంచుతాయి, లేకపోతే ఫొటో వచ్చినప్పుడల్లా పేజీ కిందికి గెంతుతుంది, ఒక చీర నొక్కబోతే ఇంకో చీర తెరుచుకుంటుంది. కింద ఉన్న ఫొటోలకి లేజీ లోడింగ్, అంటే చూసేవాళ్లు అక్కడిదాకా వచ్చినప్పుడే దిగేలా, పెట్టండి, అన్నిటికంటే పైన కనపడే మొదటి చీరకి మాత్రం పెట్టొద్దు, అది వెంటనే రావాలి.

మా పిన్ని ఊళ్లో అదే ఫోన్‌లో అదే పేజీ ఇప్పుడు తెరిస్తే, నలభై చీరలకి ఒక్కోటి 80 కేబీ లోపే చేశాం కాబట్టి, మొత్తం కలిపినా మూడు ఎంబీ చిల్లర, కొంగుల్తో సహా వస్తున్నాయి.

సరే, ఎవరెవరు చీరలు తెచ్చుకున్నారో తియ్యండి. కిటికీ దగ్గర వెలుతురు బాగుంది, అక్కడ తాడు కడదాం. మొదట గళ్ల చీర ఎవరిదగ్గరైనా ఉంటే ఇవ్వండి, ఏరుకునే పద్ధతిలో ఒకసారి, కలిపే పద్ధతిలో ఒకసారి చేసి తెర మీద పక్కపక్కనే చూద్దాం.